కమాను బరువు

అత్త లేని కోడలు ఉత్తమురాలని ఎవరన్నారో గాని వాళ్లకి ఈ ఇంటి సంగతి తెలియదు. ఈ ఇంట్లో కోడలికి పని నిండుగా ఉండటానికి అత్తగారే కారణం, అత్తగారికి ముక్కు మీద కోపం ఉండటానికి కోడలే కారణం. అత్తగారు వయొలిన్ వాయించేది, సంగీతం కట్టేది. కోడలు దాన్ని శుభ్రంగా నకలు రాసి వాయించేవాళ్లకి అందించేది. ఊళ్లో పెద్ద సంగీత మందిరం ఉంది, దాని మెట్ల కింద ఒక గది ఉంది. పదిహేనేళ్లుగా కోడలు కూర్చునేది అక్కడే. స్వరకర్తలు కొట్టివేతలతో, కాఫీ మరకలతో తెచ్చి పడేసిన కాగితాలను ముందేసుకుని, ఒక్కో వాద్యానికీ వేరు చేసి, పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద స్వరాల చుక్కలు పెట్టి, పేజీ తిప్పాల్సిన చోట వాయించేవాడికి ఒక చెయ్యి ఖాళీ దొరికేలా చూసి రాయడం ఆమె పని.

ఆ పనికి ఒకటే నియమం. ఉన్నది ఉన్నట్టు దించాలి. స్వరకర్త తప్పు రాశాడనిపించినా దిద్దకూడదు. మరీ అనుమానంగా ఉంటే పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఊరుకోవాలి. "దిద్దేంత తెలివి ఉంటే నువ్వే సంగీతం కట్టుకో, నకలు రాయడమెందుకు?" అని పని నేర్పినాయన మొదటిరోజే చెప్పాడు. కోడలు ఆ మాట ఒక్కరోజు తప్పలేదు. ఆమె రాసిన పేజీలో ఒక్క చుక్క అటూ ఇటూ అయిందని అన్నవాడు ఇంతవరకు లేడు. అని ఉంటే వాడు బతికి బట్టకట్టేవాడూ కాదు.

ఇన్ని రాసిన కోడలి చేతికి అత్తగారి రచన ఒకటి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఒక్క వయొలిన్ కోసం కట్టినది, పదకొండు నిమిషాలది. ఇంట్లో బీరువాలో దుప్పట్ల కింద ఉంటుంది. గొడవంతా దాని మూడో పేజీలో ఉంది. కాగితం మీద చూస్తే అక్కడున్నది ఒకే స్వరం, నిమిషన్నర సాగుతుంది, అంతే. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది చూసినవాడికి. కాని ఆ నిమిషన్నరలో వయొలిన్ వాయించే కమాను తీగ మీద ఎంత బరువుతో ఆనాలి, ఎక్కడ తేలిపోవాలి, ఎక్కడ మళ్లీ కుంగాలి అన్నదే సంగీతం. ఆ బరువు రాయడానికి ఐదు గీతల్లో చోటు లేదు. అత్తగారు వయసులో ఉన్నప్పుడు పక్కన మాటలు రాసి చూసింది. "మెల్లగా", "ఇంకా మెల్లగా", "అంత మెల్లగా కాదు". మొదట వాయించినాయన చేతిలో అది దోమ పాట అయింది. రెండో ఆయన చెక్క కోసినట్టు కోశాడు. సగంలోనే అత్తగారు ముందు వరసలోంచి లేచి బయటికి నడిచింది. అదిగో, అప్పట్నుంచి ఇరవై ఏళ్లు ఆ రచన ఆవిడ చేతిలో తప్ప ఇంకెక్కడా మోగలేదు.

ఇప్పుడు ఆ చెయ్యే మొరాయించింది. కుడి మణికట్టు కీలు అరిగిపోయిందన్నాడు డాక్టరు. గ్లాసు ఎత్తితే నీళ్లు ఒలుకుతున్నాయి. పొద్దున పది నిమిషాలు వాయిస్తే సాయంత్రందాకా మణికట్టు మీద వేడినీళ్ల సంచీ ఉండాలి. ఇంకో ఏడాదికి ఆ పది నిమిషాలు కూడా ఉండవని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. చివరికి కోడలే అంది.

"అత్తయ్యా, మీ చెయ్యి ఆగిపోతే ఆ పాట కూడా పోతుంది."

"పోనీవే. నాలో పుట్టింది, నాతోనే పోతుంది."

"బాగుంది వరస! మీ అబ్బాయి కూడా మీలోనే పుట్టాడుగా? ఆయన్నీ ఆ బీరువాలోనే పెట్టి తాళం వేసుకోవాల్సింది. నాకీ తంటా తప్పేది."

అత్తగారికి నవ్వొచ్చింది గాని బిగపట్టుకుంది. నవ్విందంటే కోడలు సగం గెలిచినట్టేనని ఆవిడకు తెలుసు.

అప్పుడు కోడలు తన ఆలోచన చెప్పింది, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. కాగితం కాగితంలాగే ఉంటుంది, ఒక్క చుక్క మార్చదు. దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కిస్తుంది. స్వరాల కింద ఇంకో పట్టీ కదులుతూ ఉంటుంది, కమాను బరువు పెరిగేచోట లావుగా, తగ్గేచోట సన్నగా. ఏ స్వరం మీద వేలు పెడితే అక్కడ అత్తగారు వాయించినది వినిపిస్తుంది. వేలు అక్కడే ఉంచితే ఆవిడ చెయ్యి కనిపిస్తుంది, పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా.

"పాటకి సినిమా ఎందుకే?" అంది అత్తగారు.

"పాటకి కాదు, చేతికి."

"ఇవాళ చెయ్యి అంటావు. రేపు తలకాయ కూడా తీస్తానంటావు."

"తియ్యను లెండి. దాన్లో ఉన్నదంతా ఎక్కించాలంటే ఏ ట్యాబూ చాలదు."

అత్తగారు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. మూడు రోజులు మూతి బిగించుకుని తిరిగి, నాలుగో రోజు పందెం పెట్టింది. వాయించేవాడు తనను కలవకూడదు, తనతో మాట్లాడకూడదు. కోడలు కూడా నోరు విప్పి ఒక్క మాట సాయం చెప్పకూడదు. ఆ ట్యాబ్‌లో ఉన్నది చూసే నేర్చుకోవాలి. ట్యాబ్ చేతికందాక తొమ్మిది రోజులు గడువు, ఆ తర్వాత వచ్చి వాయించాలి. విని, ఇది నాదే అనిపిస్తే అత్తగారు అనుమతిస్తూ సంతకం పెడుతుంది, వచ్చే నెల మందిరం కచేరీలో వేసుకోవచ్చు. అనిపించకపోతే కాగితాలు బీరువాలోకి పోతాయి, ఇక ఈ జన్మలో కోడలు దాని ఊసెత్తకూడదు.

కోడలు సరేనంది. భయపడిందా? అబ్బే! తన చేతిరాత మీద ఆమెకున్నంత నమ్మకం కొందరికి దేవుడి మీద కూడా ఉండదు.

చిత్రీకరణ ముందుగదిలో, కిటికీ పక్కన, ఆరు పొద్దుటిపూటలు జరిగింది. కెమెరా బిగించే పని ఇంటాయన నెత్తిన పడింది. ఇంటాయన అంటే అత్తగారి కొడుకు, లిఫ్టులు బాగుచేసే మనిషి. తల్లి అంత విద్వాంసురాలై ఉండి, ఆయనకు తెలిసిన సంగీతమల్లా లిఫ్టు తలుపు మూసుకునే ముందు మోగే గంట ఒక్కటే. అయితేనేం, కమ్మీలు బిగించడంలో దిట్ట. తల్లి కుర్చీకి సరిగ్గా పైన కెమెరా వేలాడేలా గోడకి రెండు ఇనపకమ్మీలు దిగ్గొట్టాడు.

"అమ్మా, ఇది మూడొందల కిలోలు మోస్తుంది."

"ఆ కెమెరా అరకిలో లేదు కదరా!"

"అయినా సరే. నీ నెత్తిన పడకూడదు."

రోజుకు కొంచెం కొంచెంగా వాయించింది అత్తగారు. పది నిమిషాలు కాగానే కోడలే వయొలిన్ అందుకుని, వేడినీళ్ల సంచీ నింపి ఇచ్చేది. మధ్యాహ్నాలు మెట్ల కింద గదిలో కూర్చుని పట్టీ గీసేది. మోత పెద్దదా చిన్నదా అన్నది యంత్రమే చెబుతుంది గాని కమాను బరువెంతో యంత్రానికేం తెలుసు? అది కోడలే చెవితో విని, కంటితో చూసి, వేలితో గీయాలి. మూడో పేజీ ఒక్కదానికే నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆ పొడుగు స్వరం చివరి సగంలో కమాను చిన్న చిన్న అలలుగా కదులుతోంది. వెనక్కి తిప్పి తిప్పి చూసి ఒక్కో అలనూ లెక్కపెట్టింది. ఇరవై మూడు. ఇరవై మూడూ గీసింది. ఎంత సున్నితంగా కట్టారండీ అత్తయ్యా అని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

వాయించడానికి ఒప్పుకున్నది మందిరంలో కొత్తగా చేరిన వయొలిన్ వాద్యకారుడు. గుమ్మాల దగ్గర తల వంచి నడవాల్సినంత ఎత్తు కాబట్టి అందరూ పొడుగాయన అనేవాళ్లు. కాగితం చూడగానే వాయించేయగల దిట్ట. ట్యాబ్ చేతికిచ్చినప్పుడు నవ్వాడు.

"ఇది నొటేషనా అక్కా, వీడియో గేమా?"

"ఓడిపోతే తెలుస్తుంది," అంది కోడలు.

మూడో రోజు ఫోన్ చేశాడు. "అక్కా, మూడో పేజీలో..." అని ఇంకా ఏదో అనబోతుండగానే కోడలు ఫోన్ పెట్టేసింది. పందెం పందెమే. ఏడో రోజు పైఅంతస్తులో ఆయన సాధన చేస్తున్న గది ముందునుంచి వెళ్లాల్సొచ్చింది. తలుపు వెనక అదే పొడుగు స్వరం, మళ్లీ అదే, మళ్లీ అదే. ఆగి వింటే మోసం చేసినట్టవుతుందని ఫైళ్లు గుండెకి హత్తుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగి పారిపోయింది. ఆ కాస్త విని ఉంటే బాగుండేదేమో. నిజాయితీపరులతో వచ్చే చిక్కే ఇది.

పదోరోజు పొద్దున పదింటికి రిహార్సల్ గదిలో చేరారు. గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, మధ్యలో ఒక స్టాండు, దాని మీద ట్యాబ్. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది, పరీక్ష పెట్టడానికి వచ్చిన మనిషిలా. పక్కన కోడలు. తల్లిని దింపడానికి వచ్చిన ఇంటాయన వెనక ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొడుగాయన దండం పెట్టి, మాట్లాడకుండా, వయొలిన్ గడ్డం కిందికి చేర్చాడు.

మొదటి పేజీ మొదలవగానే కోడలికి ఊపిరాడింది. బరువు సరిగ్గా ఉంది. అచ్చం ఆవిడదే. అత్తగారు కళ్లు మూసుకుంది, మోకాలి మీద వేలు ఆడుతోంది. రెండో పేజీలో మాత్రం ఒక కన్ను తెరిచి కోడలి వైపు వంగింది.

"కష్టమైన చోటల్లా ఎందుకే ఆ అబ్బాయి ముక్కుతో హుఁ అంటున్నాడు?" అంది గుసగుసగా.

"మీరు చేసేదే అత్తయ్యా."

"నేనా? నేనెప్పుడు చేశాను?"

"చేస్తావమ్మా," అన్నాడు వెనకనుంచి కొడుకు. "నా చిన్నప్పట్నుంచి."

అత్తగారు చురచుర చూసి మళ్లీ కళ్లు మూసుకుంది. మూడో పేజీ వచ్చింది.

కమాను తీగ మీద ఆనింది. ఆనిన చప్పుడు కూడా వినపడలేదు, ఉన్నట్టుండి గదిలో ఆ స్వరం ఉంది. అది నెమ్మదిగా కుంగింది, తేలింది, మళ్లీ కుంగింది. దోమ కాదు, రంపం కాదు. ఇరవై ఏళ్లుగా ఒక్క చేతికే తెలిసిన బరువు, ఆ చేతిని ఒక్కసారి కూడా తాకని మనిషి చేతిలో పలుకుతోంది. కోడలికి లేచి గంతెయ్యాలనిపించింది. గెలిచాను, గెలిచాను అనుకుంది.

సగం దాటింది. కమాను సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... కోడలు మనసులో లెక్కపెడుతూనే ఉంది.

"ఆపు."

పొడుగాయన ఆపాడు. అత్తగారు కళ్లు తెరిచే ఉంది, చూస్తున్నది ఆయన్ని కాదు, తన ఒళ్లో ఉన్న కుడిచేతిని.

"అది నా పాట కాదు," అంది. "నా కీళ్లనొప్పి."

పాపం పొడుగాయనకే ముందు నోరొచ్చింది. "అదే కదండీ అన్నిటికన్నా కష్టం? మిగతాదంతా నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఆ వణుకుకే ఐదు రోజులు పట్టింది. బాగున్న చేతికి అంత తేలిగ్గా రాదండీ అది."

కోడలికి అప్పుడు అర్థమైంది. మక్కికి మక్కి దించడమంటే ఇదే. మూలంలో చచ్చిన ఈగ అంటుకుని ఉంటే, నకల్లో కూడా ఒక ఈగను చంపి అంటించాడట వెనకటికి ఒక రాతగాడు. ఆ కథ చెప్పుకుని ఎన్నిసార్లు నవ్వి ఉంటుందో! తను చేసిందేమిటి మరి? ఆ చేతికి రోజూ వేడినీళ్ల సంచీ పెట్టింది తనే. గ్లాసులో నీళ్లు ఒలికితే తుడిచింది తనే. అదే చెయ్యి కెమెరా కిందికి రాగానే మూలం అయిపోయింది, మూలంలో ఉన్నదాన్ని ప్రశ్నించకూడదు కాబట్టి ప్రశ్నార్థకం కూడా పెట్టకుండా నొప్పిని అల అలగా, అందంగా గీసి పెట్టింది.

"ఓడిపోయావు," అంది అత్తగారు. ఆ గొంతులో గెలిచిన సంతోషం ఏ కోశానా లేదు. లేవడానికి కుర్చీ చేతులు పట్టుకుంది.

ఇంకొకరైతే అక్కడితో తల దించుకునేవాళ్లు. మన కోడలు తల దించుకునే రకమైతే ఈ కథ ఇంతదాకా వచ్చేదే కాదు.

"కూర్చోండి అత్తయ్యా. నేనేం ఓడిపోలేదు."

"ఏమిటీ?"

"నేను రాసినదంతా ఆయన వాయించాడా, లేదా?"

"వాయించాడు. రాయనక్కర్లేనిది కూడా వాయించాడు."

"అదే నేను చెప్పేది. ముక్కుతో హుఁ అనడం కూడా నేర్చుకున్నాడు. మీ కీళ్లనొప్పి కూడా పేజీ మీదికి ఎక్కి, నొప్పి అంటే ఏంటో తెలియని చేతిలోకి దిగింది. అంతటిది దిగినప్పుడు సంగీతం దిగదా? లిపి బాగానే ఉంది అత్తయ్యా. రాసిన నాదే తప్పు. ఏది పాటో ఏది మీ నొప్పో నేను చూసుకోలేదు. ఇన్నేళ్ల నకలు రాతలో ఇదే నా మొదటి తప్పు, నా అంతట నేనే ఒప్పుకుంటున్నాను. కాని తప్పు దిద్దుకోవచ్చు. మీరు ఇప్పుడు లేచి వెళ్లిపోతే మాత్రం దిద్దడానికి ఏమీ మిగలదు."

వెనక కుర్చీ కిర్రుమంది, ఇంటాయన ముందుకు వంగాడు. అత్తగారు లేచింది. లేచింది గాని గుమ్మం వైపు కాదు. స్టాండు దగ్గరికి నడిచి, పొడుగాయన ముఖంలోకి తలెత్తి చూసింది.

"బాబూ, మూడో పేజీ మళ్లీ వాయించు. ఆ వణుకు తీసెయ్. బరువు మాత్రం పోనివ్వకు."

అలా పందెం తనే పెట్టి తనే విరిచేసింది. పొడుగాయన ట్యాబ్ వైపు చూడలేదు. కళ్లు మూసుకుని కమాను ఆనించాడు. స్వరం కుంగింది, తేలింది, మళ్లీ కుంగింది, సగం దాటింది. వణకలేదు. నిలకడగా, నిండుగా సాగి సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది.

అత్తగారి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకి.

"ఇది," అంది. "ఇదే. ఇది విని ఎన్నేళ్లయిందో. ఎప్పట్నుంచి వణుకుతోందో నాకే తెలియలేదే అమ్మాయ్. రోజూ వాయిస్తున్నాను కదా, బాగానే ఉందనుకుంటున్నాను. వేరేవాళ్ల చేతిలో చూస్తే గాని..."

కోడలు వెళ్లి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరికీ అలవాటు లేని పని, అయినా ఎవరూ విడిపించుకోలేదు.

సంతకం అక్కడే పెట్టింది అత్తగారు, ఎడమచేత్తో, కోడిగీతల్లాగా. పెట్టి ఇంకో మాట అంది. "మూడో పేజీలోంచి నా చెయ్యి తీసెయ్. ఈ అబ్బాయి చెయ్యి పెట్టు."

"అదెలాగండీ? మూలం మీ చెయ్యే కదా."

"కాదే పిచ్చిదానా. నా చెయ్యి వాయించిందీ నకలే. మూలం నా బుర్రలో ఉంది, దాన్నెవరూ చూడలేదు. రేపు ఇంతకన్నా బాగా వాయించేవాళ్లొస్తే ఈ అబ్బాయిదీ తీసేసి వాళ్లది పెట్టు. ఆ హుఁ కూడా తియ్యి, అసహ్యంగా."

"అది ఉండనివ్వండమ్మా," అన్నాడు పొడుగాయన. "అది లేకపోతే నాకు ఎత్తుగడ కుదరడం లేదు."

"నీ ఖర్మ. జలుబు చేసిందనుకుంటారు జనం."

ఇంటాయన లేచి దగ్గరికొచ్చాడు. "ఆ తీసేసిన వీడియో నాకు కావాలి," అన్నాడు భార్యతో.

"నీకెందుకురా?" అంది తల్లి. "నీకు స్వరం తెలుసా, తాళం తెలుసా?"

"అవేం తెలీదు. నీ చెయ్యి తెలుసు."

ముక్కు మీద కోపమున్న ఆవిడ ఆ మాట వినగానే కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఆ వారమంతా కోడలు ఇరవై మూడు అలల్నీ చెరిపింది. స్వరకర్త పేజీలో ఒక గీత చెరపడం ఆమె జీవితంలో అదే మొదలు. పొడుగాయన చెయ్యిని అదే కమ్మీల కింద, అదే కిటికీ వెలుగులో మళ్లీ తీసింది. ఈసారి ఒక్కో గీత దగ్గరా ఆగి అడిగింది, ఇది పాటా, మనిషా అని. అడిగి అడిగి అత్తగారి ప్రాణం తోడేసింది. ఇన్నేళ్లు నోరెత్తని నకలు రాత మనిషికి ఇప్పుడు నోరొచ్చిందని మందిరంలో అందరూ నవ్వుకున్నారు, నవ్వుకుంటే నవ్వుకున్నారు.

కచేరీ నాడు హాలు నిండింది. అత్తగారు మూడో వరసలో, కొడుక్కీ కోడలికీ మధ్య కూర్చుంది. పొడుగాయన మూడో పేజీకి వచ్చేసరికి దగ్గేవాడు కూడా దగ్గు మింగేశాడు. ఆ స్వరం హాలు చివరి కుర్చీ దాకా వెళ్లి నిలబడింది. అయిపోయాక చప్పట్లు మోగాయి. పొడుగాయన వేదిక మీదనుంచి చెయ్యి చాచి మూడో వరసని చూపించాడు. అందరూ ఇటు తిరిగారు.

"లేవండి అత్తయ్యా, మిమ్మల్నే."

ఆవిడ లేవలేదు. మణికట్టు పట్టేస్తున్నా లెక్కచెయ్యకుండా, అరిగిపోయిన ఆ చేతినే రెండో చేతికేసి ఫెళఫెళ కొడుతోంది. ఆ కుర్చీలో ఆవిడ వినడానికి వచ్చిన మనిషి, అంతే.

"ఉండవే, చప్పట్లు కొట్టుకోనీ," అంది. "ఎవరు కట్టారో గాని, ఎంత బాగా కట్టారు!"